వ్యర్థపురములో రాని సాక్షి



జాన్ బన్యను వ్రాసిన "యాత్రికుని ప్రయాణము" మన సంఘములకు క్రొత్త పుస్తకము కాదు. చదువనేర్చినవారు చదివియుందురు, చదువురాని పెద్దలు ప్రసంగములలో వినియుందురు. వీపున మూటతో నాశనపురము విడిచిన క్రైస్తవుడు, నిరాశ అను ఊబి, ఇరుకు ద్వారము, సిలువ యెదుట జారిపడిన మూట, ఇవన్నియు మన ఊరి త్రోవలవలె మనకు తెలిసినవే. ఆ ప్రయాణపు నడుమ ఒక పట్టణము కలదు. దాని పేరు వ్యర్థపురము. అక్కడ ఏడాది పొడుగున ఒక సంత జరుగుచుండును. ఇండ్లు, పొలములు, పదవులు, బిరుదులు, రాజ్యములు, సుఖములు, చివరకు మనుష్యుల ప్రాణములును ఆత్మలును అక్కడ అమ్మకమునకు దొరకును.

బోధకులు ఆ సంతను గూర్చి చాల చెప్పుదురు. ఆ పట్టణపు న్యాయస్థానమును గూర్చి అంతగా చెప్పరు. చెప్పినను, నమ్మకస్థుడు అక్కడ హతసాక్షి యాయెననియు, మనమును అతనివలె నిలువవలెననియు చెప్పి ముగింతురు. అది మంచి మాటయే. అయితే దావా కాగితములను పరిశీలించు ప్లీడరువలె ఆ విచారణను నిదానముగా చదివినయెడల, అందులో మనకు వేరొక మాటయు కనబడును. అది మనకు అంత ఇంపైన మాట కాదు. దానినే ఈ వ్యాసములో విచారింతము.

పేర్లను గూర్చి ఒక్క మాట. తెలుగు అనువాదములలో ఈ పేర్లు ఒక్కొక చోట ఒక్కొక విధముగా ఉండవచ్చును. అర్థము సులువుగా తెలియుటకై ఇక్కడ వాడుక మాటలలో వ్రాయుచున్నాను.

పట్టుబడిన విధము

క్రైస్తవుడును అతని తోడి యాత్రికుడగు నమ్మకస్థుడును సంతలో ప్రవేశించిరి. వారి బట్టలు వేరు, వారి మాట వేరు. అన్నిటికంటె ముఖ్యముగా, వారు అక్కడి సరకు ఏదియు కొనలేదు. ఏమి కొందురని ఒకడు వెక్కిరించి అడుగగా, తాము కొనునది సత్యమేనని చెప్పిరి. అంతమాత్రమునకే జనులు గుమిగూడిరి, గలిబిలి పుట్టెను. అధికారులు ఆ యిద్దరిని పట్టి, విచారించి, కొట్టి, ఒడలికి బురద పూసి, అందరు చూచునట్లు బోనులో పెట్టిరి.

ఇక్కడ బన్యను ఒక చిన్న సంగతి వ్రాసెను. తొందరపడి చదువువారు దానిని దాటిపోవుదురు. బోనులోని యిద్దరు తిట్టినవారిని తిరిగి తిట్టక, ఓర్పుతో మంచి మాటలే పలుకుచుండగా, సంతలోని కొందరు, తక్కినవారికంటె కొంచెము ఆలోచన గలవారు, తమ తోటివారిని గద్దించిరి. వీరు నెమ్మదిపరులనియు, ఎవరికిని హాని తలపెట్టలేదనియు, బోనులో ఉండదగినవారు ఈ సంతలోనే వేరే అనేకులున్నారనియు చెప్పిరి. మాటకు మాట పెరిగి పట్టణస్థులు తమలో తామే కొట్టుకొనిరి. ఆ కొట్లాట నేరము ఎవరి మీద పడెను? బోనులో ఊరకున్న యాత్రికుల మీదనే. వారిని మరల కొట్టి, సంకెళ్లు వేసి, చూచినవారికి భయము కలుగునట్లు సంత అంతట త్రిప్పిరి.

చదువరీ, యాత్రికుల పక్షముగా మాటలాడిన ఆ కొందరిని మరువకుము. ముందు వారితో మనకు పని యున్నది.

ఆరోపణయు సాక్షులును

కొంతకాలమునకు విచారణ దినము వచ్చెను. న్యాయాధిపతి పేరు మేలుగిట్టని దొర. ఆరోపణ పత్రములో నేరములు మూడు. వీరు పట్టణపు వర్తకమునకు శత్రువులు. అల్లరులును చీలికలును పుట్టించిరి. రాజుయొక్క చట్టమును తృణీకరించి, కొందరిని తమ అభిప్రాయములవైపు త్రిప్పుకొనిరి. ఆ పట్టణమునకు రాజు బయెల్జెబూలు.

ఈ నేరముల వరుసను గమనింపుము. మతమును గూర్చిన మాట మొదట రాలేదు, వర్తకము మొదట వచ్చెను. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు కంసాలియగు దేమేత్రియు మాటలాడిన వరుసయు ఇదియే. ముందు తమ రాబడి, తరువాత దేవి గౌరవము. 16వ అధ్యాయములో ఫిలిప్పీలో పౌలు సీలలను ఈడ్చుకొని పోయినవారికి పోయినది తమ లాభసాధనమే. అధికారుల యెదుట మాత్రము ఆచారముల మాట చెప్పిరి. బన్యను తన బైబిలును బాగుగా ఎరిగినవాడు. లాభము పోయినవాడు న్యాయస్థానమునకు వచ్చునప్పుడు లాభము మాట దాచి ఆచారము మాట ఎత్తునని అతనికి తెలియును. వ్యర్థపురస్థులు ఆ మాట దాచుటకైనను సిగ్గుపడలేదు.

తరువాత, రాజు పక్షముగా ఈ ఖైదీకి విరోధముగా చెప్పగలవారు ఎవరైనను రావచ్చునని చాటించిరి. అతని పక్షముగా చెప్పగలవారిని ఎవరును పిలువలేదు. ముగ్గురు సాక్షులు వచ్చిరి.

మొదటివాడు అసూయ. క్రైస్తవ మార్గమును ఈ ఊరి ఆచారములును ఎన్నటికిని పొసగవని ఇతడు చెప్పగా తాను వింటినని అతని సాక్ష్యము. రెండవవాడు మూఢభక్తి. ఈ మనుష్యునితో తనకు పెద్ద పరిచయము లేదని ఒప్పుకొని, ఒకనాడు జరిగిన సంభాషణనుబట్టి ఇతడు మన మతము పనికిరానిదని అనెనని చెప్పెను. మూడవవాడు ఇచ్చకాలరాయుడు. ఇతడు మన రాజును దూషించెను, రాజుగారి మిత్రులగు గొప్ప దొరలను పేరుపేరున దూషించెను, అంతటితో ఆగక అయ్యా, తమరిని కూడ దూషించెను అని న్యాయాధిపతితో చెప్పెను.

ఈ మూడవవాని నేర్పు చూడుము. ఒక్క మాటతో న్యాయాధిపతిని బాధితునిగా చేసివేసెను. ఇక పీఠము మీద కూర్చున్నవాడు తన సొంత వ్యాజ్యమును తానే తీర్చుచున్నాడు. వెంటనే ఆ దొర ఖైదీని రాజద్రోహి, మతభ్రష్టుడు అని తిట్టి, నీవు ఈ క్షణముననే చావదగినవాడవు, అయినను మా దయ అందరికిని తెలియునట్లు నీ మాట వినెదము అనునట్టి మాటలు పలికెను. తీర్పు ముందు, వినుట తరువాత! వినుట ఖైదీ హక్కు గాక, దొరగారు వేసిన భిక్ష ఆయెను.

నమ్మకస్థుడు జవాబిచ్చెను. దేవుని వాక్యమునకు విరుద్ధమైన చట్టమును ఆచారమును క్రైస్తవ మార్గమునకు విరోధమైనవేనని ఒప్పుకొనెను, దైవవాక్యము లేని భక్తి నిత్యజీవమునకు పనికిరాదనెను, ఆ రాజును అతని పరివారమును ఈ ఊరికంటె నరకమునకే తగినవారనెను. తన్ను రక్షించుకొనుటకు ఒక్క మాటయు మెత్తగా చెప్పలేదు. అతనికి వకీలు లేడు. బన్యను కాలపు ఇంగ్లాండులో ఘోరనేరము మోపబడినవాని పక్షమున వకీలు నిలిచి వాదించు వాడుక లేదు; ఆ హక్కు అక్కడ సంపూర్ణముగా 1836లో గాని రాలేదు. మన దేశములో 1950నాటి రాజ్యాంగము పట్టుబడినవానికి వకీలును పెట్టుకొను హక్కు నిచ్చినది, బీదవానికి వకీలును ఇచ్చు ఏర్పాటు తరువాత వచ్చినది.

కొట్టివేయబడిన చట్టములు

అటుపిమ్మట న్యాయాధిపతి జ్యూరీ పెద్దలకు చట్టము వివరించెను. జ్యూరీ అనగా ఊరి జనులలోనుండి ఎన్నుకొనబడి, సాక్ష్యము విని, నేరమున్నదో లేదో చెప్పవలసిన పన్నెండుగురు. మన దేశములో కూడ కొన్ని కోర్టులలో ఆ పద్ధతి ఉండెను. 1973నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో దానికి చోటు లేకపోయెను.

దొర చూపిన చట్టములు మూడు. ఇశ్రాయేలీయులు విస్తరించకుండ మగపిల్లలను నదిలో పడవేయుమని ఫరో చేసిన చట్టము. బంగారు ప్రతిమకు మ్రొక్కనివానిని అగ్నిగుండములో వేయుమని నెబుకద్నెజరు చేసిన చట్టము. కొన్ని దినములవరకు రాజుకు తప్ప మరి ఏ దేవునికి ప్రార్థన చేసినను సింహముల గుహలో వేయుమని దర్యావేషు చేసిన చట్టము. ఈ మూటిని ఇతడు తలంపుతోనే గాక నోటితోను చేతితోను మీరెను గనుక చావదగినవాడని అతని వాదము.

చదువరీ, ఈ చట్టములను నీవు ఆదివారపు బడిలోనే నేర్చుకొంటివి. అయితే వాటి ముగింపులను కూడ నేర్చుకొంటివి గదా! ఫరో నీళ్లకు అప్పగించిన బిడ్డ ఫరో నగరులోనే పెరిగెను. ఫరో సైన్యము సముద్రములో మునిగెను. నెబుకద్నెజరు అగ్నిగుండములో నాలుగవవానిని చూచి, ఆ ముగ్గురిని తానే బయటికి పిలిచి, వారి దేవుని దూషించువారికి శిక్ష విధించుచు క్రొత్త ఆజ్ఞ చేసెను. దర్యావేషు ఆ రాత్రి నిద్రలేక గడిపి, తెల్లవారగానే గుహయొద్దకు పరుగెత్తి, దానియేలును పైకి తీయించి, నేరము మోపినవారిని ఆ గుహలోనే వేయించెను. అనగా మేలుగిట్టని దొర చూపిన మూడు చట్టములలో ఒకదానిని దేవుడు సముద్రములో ముంచెను, తక్కిన రెండింటిని చేసిన రాజులే త్రోసివేసిరి. పై కోర్టు కొట్టివేసిన తీర్పును క్రింది కోర్టులో చూపి గెలువజూచు ప్లీడరు చేయు పని ఇదియే. కథను సగములో ఆపినవాడు లేఖనమును కూడ అబద్ధమునకు సాక్షిగా నిలువబెట్టగలడు.

బన్యను ఈ సంగతిని ఒక్క మాటలోనైనను విప్పి చెప్పలేదు. బైబిలు తెలిసిన పామరుడు దానిని తానే పట్టుకొనునని నమ్మెను. పెద్ద చదువులు లేని పాఠకుని ఇంతగా గౌరవించిన గ్రంథకర్తలు అరుదు. ఈ విచారణ ఘట్టములో నాకు అన్నిటికంటె గొప్పగా తోచునది ఈ భాగమే.

పన్నెండుగురు

జ్యూరీవారి పేర్లు ఇవి: గ్రుడ్డివాడు, కొరగానివాడు, కీడుకోరువాడు, మోహప్రియుడు, విచ్చలవిడివాడు, మొండివాడు, గర్విష్ఠి, వైరి, అబద్ధికుడు, క్రూరుడు, వెలుగుద్వేషి, సమాధానపడనివాడు. వీరిలో పెద్ద గ్రుడ్డివాడు. ఇతడు మతభ్రష్టుడని తనకు స్పష్టముగా కనబడుచున్నదని మొట్టమొదట చెప్పినవాడు ఆ గ్రుడ్డివాడే. ఇది చదివి నవ్వనివారు ఉండరు.

నవ్విన తరువాత వారి మాటలను మరల చదువుము. ఒకడు వాని ముఖమే గిట్టదనును. ఒకడు వానిని ఎన్నడు సహింపలేకపోతిననును. మరియొకడు ఉరితీయుడని మాత్రమే అరచును. పన్నెండుగురిలో ఒక్కడైనను ఆరోపణ పత్రము మాట ఎత్తలేదు. ఫలాని సాక్షి చెప్పినది నమ్మదగినదని అనినవాడు ఒక్కడును లేడు. అందరిలోను విచ్చలవిడివాడు మాత్రము తన నిజమైన కారణము బయటపెట్టెను: వీడు నా నడతను ఎప్పుడును తప్పుపట్టుచుండునని. తీర్పు ఏకగ్రీవము. నమ్మకస్థుని కొరడాలతో కొట్టి, కత్తులతో పొడిచి, రాళ్లు రువ్వి, తుదకు దహించిరి. గుంపు వెనుక అతని కొరకు రథమును గుఱ్ఱములును సిద్ధముగా నుండి అతనిని పైకి కొనిపోయెను. క్రైస్తవుని మరల చెరకు పంపిరి. కొంతకాలమునకు దేవుని యేర్పాటు వలన అతడు తప్పించుకొనెను.

బన్యను ఎరిగిన న్యాయస్థానము

ఈ కథ వ్రాసినవాడు న్యాయస్థానమును బయటనుండి చూచినవాడు కాడు. 1628లో బెడ్‌ఫర్డు దగ్గర పుట్టిన బన్యను, పాత్రలకు మాట్లు వేయు కులవృత్తి చేసికొని బ్రదికిన బీదవాడు. 1660 నవంబరు 12న ఒక పల్లెలో కూడిన ఆరాధనలో వాక్యము చెప్పబోవుచుండగా అతనిని పట్టుకొనిరి. 1661 జనవరిలో బెడ్‌ఫర్డులో, కీలింగు అను న్యాయాధిపతి ముఖ్యుడుగా, విచారణ జరిగెను. 1593నాటి పాత చట్టమునుబట్టి, ప్రభుత్వ సంఘపు గుడికి పోక వేరే కూటములు జరుపుచున్నాడనియు, మంచి ప్రజలకు కలత కలిగించుచున్నాడనియు నేరము. మూడు నెలలు చెర, అప్పటికిని లోబడనియెడల దేశబహిష్కారము, తిరిగి వచ్చినయెడల ఉరి అని చెప్పిరి. బహిష్కరింపలేదు గాని, 1672 వరకు, అనగా ఇంచుమించు 12 సంవత్సరములు చెరలో నుంచిరి. "యాత్రికుని ప్రయాణము" 1678లో అచ్చు పడినది.

బన్యను తానే వ్రాసి ఉంచిన వృత్తాంతమునుబట్టి చూడగా, అతని విచారణలో సాక్షులను పిలిచి ప్రశ్నించినట్లు లేదు. న్యాయాధిపతులతో అతడు వాదించిన మాటలనే నేరపు ఒప్పుకోలుగా వ్రాసికొనిరి. ఇది విచిత్రము గదా! నిజమైన బెడ్‌ఫర్డులో దొరకని మర్యాదలను బన్యను తాను కల్పించిన వ్యర్థపురమునకు ఇచ్చెను. ఆరోపణ చదివిరి, సాక్షులను ప్రమాణము చేయించిరి, ఖైదీని మాటలాడనిచ్చిరి, చట్టము చూపిరి, పన్నెండుగురి అభిప్రాయము తీసికొనిరి. పద్ధతిలో కొరత చూపి ఆ కోర్టును గెలిచెద మనుకొనువానికి బన్యను ఆ దారి మూసివేసెను. ఇన్ని పద్ధతులున్నను నిర్దోషి చంపబడగలడని చూపుటయే అతని ఉద్దేశమని నాకు తోచుచున్నది. నాబోతు విచారణయు ఇట్టిదే. 1 రాజులు 21వ అధ్యాయములో ఉపవాసము చాటించిరి, పెద్దలు కూర్చుండిరి, ధర్మశాస్త్రము కోరినట్లే ఇద్దరు సాక్షులు పలికిరి. ద్రాక్షతోట చేతులు మారెను.

ఈ కథలోని కొరత

ఇంత గొప్ప ఘట్టములో ఒక కొరత ఉన్నదని చెప్పక తప్పదు. పేర్లే ఆ కొరత. అసూయ అనియు, అబద్ధికుడనియు, క్రూరుడనియు పేరు పెట్టిన తరువాత ఆ మనుష్యులను గూర్చి మనము ఆలోచింప నక్కరలేదు. నా పేరు క్రూరుడు కాదు, నా అల్లుని పేరు అబద్ధికుడు కాదు. కాబట్టి ఈ కథ మా ఇంటిది కాదని ఊపిరి పీల్చుకొందుము. ఊరిలో జరుగు అన్యాయము అంత విప్పుగా పేరు చెప్పుకొని రాదు. అది మంచివాని చేతిమీదుగా కూడ వచ్చును.

బన్యనుకు ఇది తెలియును. 1661 ఆగస్టులో అతని భార్య ఎలిజబెతు బెడ్‌ఫర్డునకు వచ్చిన న్యాయాధిపతుల యెదుట నిలిచి తన భర్తకొరకు వేడుకొనెను. ఇంటిలో నలుగురు చిన్న బిడ్డలు, వారిలో ఒకతె గ్రుడ్డిది. తన భర్త బీదవాడు, మాట్లు వేయువాడు గనుకనే న్యాయము దొరకలేదని ఆమె ధైర్యముగా చెప్పెను. ఇద్దరు కసరిరి. మాథ్యూ హేలు అను న్యాయాధిపతి మాత్రము జాలితో విని, ఏ దరఖాస్తు పెట్టుకొనవలెనో చెప్పెను. అయినను ఆమె భర్త విడుదల కాలేదు. హేలు భక్తిగలవాడని పేరుపొందినవాడు. ఆ హేలే 1662లో వేరొక ఊరిలో, మంత్రగత్తెలని నేరము మోపబడిన ఇద్దరు విధవరాండ్ర విచారణకు పెద్దగా కూర్చుండగా, వారికి ఉరిశిక్ష ఆయెను. దయగల ముఖము, భక్తిగల మనస్సు, బీదరాలికి ఉరి! వ్యర్థపురములో ఇట్టి న్యాయాధిపతి లేడు. ఉండినయెడల ఆ కథ మన హృదయమును ఇంకను లోతుగా కోసియుండును.

రాని సాక్షి

ఇప్పుడు నీవు మరువవద్దని నేను చెప్పినవారియొద్దకు వత్తము. బోనునొద్ద యాత్రికుల పక్షముగా మాటలాడిన ఆ కొందరు విచారణనాడు ఎక్కడ నుండిరి?

వారికి నిజము తెలియును. కొట్లాట ఎవరు మొదలుపెట్టిరో వారు చూచిరి. అందులో వారును ఉండిరి. అల్లరి చేసినది యాత్రికులు కారని వారిలో ఒక్కడు వచ్చి చెప్పినయెడల, రెండవ నేరము అంతటితో కూలిపోయెడిది. విరోధముగా చెప్పువారినే కోర్టు పిలిచినది నిజమే. పిలువకున్నను లేచి నిలువకూడదని ఎవరు చెప్పిరి? సంతలో కోపము వచ్చినప్పుడు మాటలాడుట ఒకటి. న్యాయాధిపతి యెదుట, పేరు వ్రాసికొనుచుండగా మాటలాడుట మరియొకటి. అక్కడ చేతులు కలియబడుటకు వెనుదీయనివారు ఇక్కడ నోరు విప్పలేదు. బన్యను వారిని నిందింపలేదు, వారి మాటయే ఎత్తలేదు. ఆ మౌనము ఎంత పెద్దదో పుస్తకము మూసిన తరువాత గాని తెలియదు.

నమ్మకస్థుడు కాలిపోయిన తరువాత ఆ పట్టణస్థుడొకడు క్రైస్తవునితో కలిసి యాత్రకు బయలుదేరెను. అతని పేరు నిరీక్షణుడు. ఆ యిద్దరి మాటయు ఓర్పును చూచి అతడు మారెను. ఇంకను అనేకులు వత్తురని కూడ చెప్పెను. 1684లో వచ్చిన రెండవ భాగములో, క్రైస్తవుని భార్యయు పిల్లలును అదే పట్టణమునకు వచ్చి మ్నాసోను అను వృద్ధుని ఇంట దిగిరి. అక్కడ విరిగిన మనస్సు గలవాడు, అబద్ధమాడ జంకువాడు మొదలైన మంచివారు వారిని చూడవచ్చిరి. నమ్మకస్థుని చంపినది మొదలుకొని ఊరివారు సిగ్గుపడి కొంత మెత్తబడిరనియు, ఆ రక్తము తమ మీద బరువుగా నున్నదనియు వారు చెప్పిరి. ఆనాడు బోనునొద్ద పలికి, కోర్టులో పలుకనివారు వీరేనా? పుస్తకము చెప్పదు. అయినను ఆ విరిగిన మనస్సు పేరు చదువునప్పుడెల్ల నాకు ఆ ప్రశ్న వచ్చును. పశ్చాత్తాపము మంచిదే, దేవుడు దానిని త్రోసివేయడు. కాని నమ్మకస్థునికి అది అందలేదు.

ఒక్కడు నిలిచినయెడల ఏమగునని అడుగువారున్నారు. 1670లో లండనులో విలియము పెన్ను, విలియము మీడు అను ఇద్దరు క్వేకరు భక్తుల మీద ఇట్టి నేరమే మోపిరి. వీధిలో వాక్యము చెప్పి అల్లరి కూటము చేసిరని విచారణ. జ్యూరీవారు నేరము లేదనిరి. న్యాయాధిపతులు కోపించి, ఆ పన్నెండుగురిని రెండు రాత్రులు అన్నము, నీళ్లు, నిప్పు లేకుండ మూసిపెట్టిరి. వారు తీర్పు మార్చలేదు. జరిమానా వేయగా బుషెలు అనువాడు మరి కొందరితో కూడ అది కట్టక చెరకు పోయెను. తరువాత పై న్యాయాధిపతియగు వాను, తీర్పు చెప్పినందుకు జ్యూరీవానిని శిక్షింపకూడదని నిర్ణయించి వారిని విడిపించెను. ఇంగ్లాండు చట్టములో అది నేటివరకు పెద్ద మాటగా చెప్పబడుచున్నది. వారు వ్యర్థపురములో కూర్చున్నవంటి పన్నెండుగురే. పేర్లు మాత్రము మామూలు పేర్లు.

యోహాను 7వ అధ్యాయములో నీకొదేము చేసినది ఇంకను చిన్న పని. అతడు యేసును మెచ్చుకొని ప్రసంగింపలేదు. ఒకని మాట వినక, వాడు చేసినది తెలిసికొనక, మన ధర్మశాస్త్రము వానికి తీర్పు తీర్చునా అని ఒక్క ప్రశ్న అడిగెను. వారు అతనిని ఎగతాళి చేసిరి. అయినను ఆ దినమున ఎవరి ఇంటికి వారు వెళ్లిరని వ్రాయబడియున్నది.

మన ఊరిలో

చదువరీ, నీవును నేనును మేలుగిట్టని దొర పీఠము మీద కూర్చుండము. మనలో చాలమందికి కోర్టు గుమ్మము తొక్కు పనియే రాదు. అయినను న్యాయస్థానము మన ఊరిలో వారము వారము కూడుచునే యున్నది. రచ్చబండమీద గట్టు తగవు వచ్చును. సంఘపు కమిటీలో ఒకని చందా లెక్కను గూర్చి గుసగుస వచ్చును. దిక్కులేని విధవరాలి నడతను గూర్చి బావియొద్ద ఒక మాట పుట్టి, ఆదివారమునకు అది నేరమై, ఆమెను బల్లకు రానీయవద్దను తీర్మానమగును. అక్కడ అసూయ ఉండును, ఇచ్చకాలరాయుడు ఉండును. పెద్దకు కోపము పుట్టునట్లు, అయ్యా తమరిని కూడ అనినాడని చెవిలో చెప్పువాడు ఉండును.

అప్పుడు నీవు ఎక్కడ నుందువు? ఇంటికి వచ్చి దీపము పెట్టిన తరువాత, పాపము ఆమె అట్టిది కాదని భార్యతో చెప్పుదువా? అది సంతలో పలికిన మాట. కూటములో పలుకవలసిన మాట అక్కడనే మిగిలిపోయినది. పెద్ద ప్రసంగము నీ వలన కాకపోవచ్చును. నీకొదేమువలె ఒక్క ప్రశ్న అడుగగలవు: ఇది ఎవరు కన్నులార చూచిరి? ఆమెను పిలిచి ఆమె మాట వింటిమా? ఈమె మన బంధువుల పిల్లయైనను ఈ తీర్మానమే చేయుదుమా? నిర్గమకాండము 23వ అధ్యాయపు మొదటి వచనములు గుంపు వెంట దుష్కార్యమునకు పోవద్దని ఆజ్ఞాపించుచున్నవి. అదే చోట, బీదవాడని వ్యాజ్యములో పక్షపాతము చూపవద్దని కూడ ఉన్నది. కాబట్టి మన వానిని తప్పించుటకు గాని, బలిసినవానిని పడగొట్టుటకు గాని కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు పలుకుటకు లెమ్ము.

దీనికి వెల ఉన్నది. మరునాడు నీ పొలమునకు నీరు ఆలస్యముగా రావచ్చును. నీ పిల్ల పెండ్లి మాటలో ఒక కుర్చీ ఖాళీగా నుండవచ్చును. వ్యర్థపురము ఎల్లప్పుడును సరకుకు వెల చెప్పు ఊరే. సత్యమునే కొందుమని చెప్పిన యాత్రికులు ఆ వెల యిచ్చిరి.

నమ్మకస్థుని మనము హతసాక్షి అందుము. ఆ మాటలో సాక్షి అను పేరు దాగియున్నది. ఆ దినమున వ్యర్థపురపు న్యాయస్థానములో నిజము పలికిన సాక్షి అతడొక్కడే. ఖైదీయే తన సాక్షి కావలసి వచ్చెను. రెండవ సాక్షి నిలువవలసిన చోటు ఖాళీగా నుండెను. ఈ రాత్రి సామెతల గ్రంథము తెరచి, 31వ అధ్యాయము 8, 9 వచనములు నీ ఇంటివారితో కలిసి చదువుము. చదివిన తరువాత, మీ ఊరిలో ఎవరి పక్షమున ఆ చోటు ఖాళీగా నున్నదో ఆలోచించి, ఆ పేరు ప్రార్థనలో చెప్పుము. రాబోవు కూటమునాడు ఆలస్యము చేయక ముందుగా వెళ్లి కూర్చుండుము.